ఎవరు ముందు నొక్కాలి?

కొండబాబు ఇరవై రెండు స్టూళ్ళు తెచ్చాడు.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ముందురోజు సాయంత్రం మా ఇంగ్లీషు మేడమ్ నాగసుధ ఆయనకి ఫోన్ చేసి, రేపటి టీచర్ల ట్రైనింగు వెబ్ టూల్స్ మీద, ఏర్పాట్లు చూడండి అని చెప్పింది. ఆ సమయానికి ఆయన పలాస స్టేషన్ పక్కన నిలబడి ఉన్నాడు, ఎదురుగా గూడ్సు బండి పోతోంది. టూల్స్ మీద కాస్తా స్టూల్స్ మీద అయిపోయింది. కాశీబుగ్గలో బావమరిది జీడిపప్పు ఫ్యాక్టరీకి పరిగెత్తి, ఆడవాళ్ళు కూర్చుని పప్పు ఒలిచే స్టూళ్ళన్నీ తెల్లారేసరికి ఆటోలో దింపేశాడు. పప్పులో కాలేసినవాళ్ళని నా సర్వీసులో చాలామందిని చూశాను. జీడిపప్పులో కాలేసి ఆటో ఎక్కించుకొచ్చినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను.

"బెంచీలుండగా ఇవేటండీ?" అని నాగసుధ అడిగింది.

"కొత్త విద్యా విధానం కదా మేడమ్, కిందకి దింపుతారనుకున్నాను" అన్నాడాయన.

అయినా స్టూళ్ళు పనికొచ్చాయి. పెద్ద టచ్ తెర ఉన్న గదిలో బెంచీలు లేవు. ఒకే ఒక్క కుర్చీ ఉంది, దాన్ని ముందు వరసలో నీలకంఠం మాస్టారికి వేశాం. మిగతా ఇరవై ఒక్కమందిమి ఆయన వెనక పొట్టి స్టూళ్ళ మీద, మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని కూర్చున్నాం. ఒక స్టూలు మిగిలింది.

నీలకంఠం మాస్టారు లెక్కల మాస్టారు. వచ్చే మేలో రిటైరవుతారు. మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, ఉద్దానంలో ఆయన లెక్క చెప్పని ఊరు లెక్కకి కూడా దొరకదు. ఆ గదిలో టీచర్లలో సగానికి పైగా ఆయన శిష్యులే. నేను సోషల్ చెబుతున్నానంటే, ఆయన నాకు లెక్కలు చెప్పిన ఫలితమే.

నాగసుధది మాత్రం టెక్కలి. నిరుడే బదిలీ మీద మా బడికి వచ్చింది. వేసవి సెలవులంతా కూర్చుని, పిల్లలు ఫోన్లలో జవాబు నొక్కితే తెర మీద లెక్క తేలే క్విజ్‌లు, బొమ్మలు జరిపే ఆటలు, అందరూ ఒకేసారి రాసే ఆన్‌లైన్ గోడలు తయారుచేసుకుంది. మధ్యాహ్నం మూడింటికి ఎం.ఇ.ఓ. మన్మథరావుగారు చూడ్డానికి వస్తారు. ఆయనకి నచ్చితే టెక్కలి, నౌపడ, ఇచ్ఛాపురం బ్యాచ్‌లు కూడా ఆవిడే చెబుతుంది. నచ్చకపోతే టీచర్లందరికీ ఒక వీడియో వేసి వదిలేస్తారు. సెలవుల కష్టం సెలవు తీసుకుంటుంది.

రెండున్నరకి మొదలుపెట్టింది. కోడ్ చూపించి ఫోన్లలో అందర్నీ లోపలికి రప్పించింది. తెర మీద ఇరవై రెండు పేర్లు టపటపా వచ్చి పడ్డాయి. మాస్టారి పేరు కూడా వచ్చింది, ఇంటిపేరుతో సహా. మొదటి ప్రశ్న ఉప్పు మీద. నౌపడ మడుల్లో సముద్రపు నీటి నుంచి ఉప్పు ఎలా తీస్తారు? నాలుగు జవాబులు, నాలుగు రంగులు, ముప్పై సెకన్లు. నౌపడ చుట్టాలున్నవాళ్ళే గదిలో అరడజను మంది.

ముప్పై సెకన్లూ అయిపోయాయి. వచ్చిన జవాబులు సున్నా.

నాగసుధ నెట్టు పోయిందనుకుంది. నెట్టు పోలేదు, నెట్టేవాళ్ళే లేరు. తన ఫోను నుంచి నెట్ ఇచ్చి రెండో ప్రశ్న వేసింది. మళ్ళీ సున్నా. లెక్కల మాస్టారి ఎదురుగా అంత గుండ్రని సున్నా ఎవరూ వేసి ఉండరు.

మాకు కారణం తెలుసు. పొట్టి స్టూళ్ళ మీంచి చూస్తే మాస్టారి భుజం పక్కన ఆయన ఫోను స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన నొక్కలేదు. ఆయన నొక్కకుండా మేము నొక్కితే గురువు కన్నా ముందు చెయ్యెత్తినట్టే. ఇరవై ఒక్క బొటనవేళ్ళు గాల్లో నిలబడ్డాయి. నొక్కడం అనే మాటకి మన దేశంలో రెండర్థాలున్నా, ఆ రోజు ఒక్క అర్థమూ జరగలేదు. పైగా మాకు ఇంకో బెంగ. మాస్టారికి ఫోను తెలియడం లేదేమో, పైకి అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారేమో. అందుకని నాగసుధ ఎన్నిసార్లు సమస్య ఏమిటని అడిగినా నేల చూశాం.

మన్మథరావుగారు పది నిమిషాలు ముందే వచ్చేశారు. మిగిలిన స్టూలు మీద కూర్చుని, తెర మీద సున్నా చూసి, ఈ ప్రాంతంలో ఇవన్నీ కుదరవమ్మా, వీడియో వేసేద్దాం అన్నారు. నాగసుధ మొహం వాడిపోయింది. ఒక్క ప్రశ్న చూడండి సార్ అని బతిమాలి మూడోది వేసింది.

ఈసారి ఒకటి పడింది.

కొండబాబు నాలిక కరుచుకుని, మాస్టారి వీపుకేసి చూసి, "సారీ మాస్టారూ, వేలు జారిపోనాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని గుర్రుగా చూశారు.

నాగసుధ ఆయన పక్కకొచ్చి వంగి, జవాబు చెబితే సారీ ఎందుకని అడిగింది.

"మాస్టారింకా నొక్కలేదు కదండీ. ఆయన కంటే ముందు మేమెలాగ నొక్కేత్తామండీ?" అన్నాడు కొండబాబు గుసగుసగా.

ఆవిడ తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళింది. మాస్టారూ, నాలుగో ప్రశ్న మీరే అడగండి, మీరు చెప్పింది నేను ఎక్కిస్తాను అంది. మాస్టారు లేచారు. తెర పక్కన నిలబడగానే వయసు పదేళ్ళు తగ్గింది. 'ఒకటి' ప్రధాన సంఖ్యా, కాదా అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆరు సెకన్లలో ఇరవై ఒక్క జవాబులు. ఇరవై 'కాదు', ఒక్క 'అవును'. ఎవరు ఏది నొక్కారో తెర చెప్పదు. మాస్టారు నేరుగా నాకేసి తిరిగి, "నీకు ఎనిమిదో తరగతిలోనూ ఇదే సెప్పాన్రా" అన్నారు. గదంతా గొల్లుమంది. ప్రధాన సంఖ్య కాకపోయినా ప్రధాన ఆకర్షణ నేనయ్యాను.

మన్మథరావుగారు స్టూలు ముందుకి జరుపుకున్నారు. ఏం బాగుచేశావమ్మా, ఇందాకటిదాకా పనిచెయ్యలేదు కదా అని అడిగారు.

"ఏమీ పాడవలేదు సార్" అంది నాగసుధ. మాస్టారు నొక్కేదాకా ఆయన శిష్యులు ఆగారని, శిష్యుల్ని చూసి మిగతావాళ్ళూ ఆగారని, నెట్టుని తను అనవసరంగా అనుమానించానని అందరికీ చెప్పింది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "మరి మీరెందుకు నొక్కలేదండీ? ఫోను ఇబ్బంది పెట్టిందా?" అంది.

మేమందరం మళ్ళీ నేల చూశాం.

"ఫోన్లో ఏటి ఇబ్బందమ్మా, మనవరాలితో రోజూ ఆడతాను" అన్నారు మాస్టారు. "ఈళ్ళు నొక్కుతారని సూత్తన్నాను. జవాబు నేను ముందు సెప్పేత్తే పిల్లలు ఇంకేటి ఆలోసిత్తారు?"

పిల్లల్లో చిన్నవాడికి నలభై నాలుగేళ్ళు.

మన్మథరావుగారు డైరీ తీసి టెక్కలి, నౌపడ, ఇచ్ఛాపురం తేదీలు ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన నాగసుధ పేరు వేశారు. ప్రతిచోటా మొదటి ప్రశ్న అక్కడి పెద్ద మాస్టారిచేత అడిగించమన్నారు. నీలకంఠం మాస్టారు తెర దగ్గర్నుంచి కదలకుండా, ఐదోది కూడా అడగనా అమ్మా అన్నారు.