ఎడమకు తిప్పితే కుడికి

నేను ఒక స్టీరింగు చక్రాన్ని. పుట్టింది వ్యాను కోసం. నన్ను అచ్చు పోసిన కూలీల్లో ఒక్కడైనా వ్యాను కొనుక్కున్న పాపాన పోలేదు. అది అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు కూడా. తర్వాత నన్ను పట్టుకున్న యజమానులు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టారు, తిడుతూ నన్ను గుద్దారు. చివరికి వ్యాను తుక్కయింది. నేను జకరయ్య వెల్డింగు షెడ్డులో ఇనప సామాను మీద పడ్డాను.

అక్కణ్ణించి నన్ను లేవదీసింది మసేనమ్మ. గోదావరి పాయ మీద, లంకకీ రోడ్డుకీ మధ్య ఇంజను పడవ నడిపే మనిషి. మొగుడు పోయాక ఆ రేవే ఆమె బతుకు. పడవ వెనక కూర్చుని ఇంజను పిడి పట్టుకుని తిప్పాలి. ఆ అదురుకి కుడిభుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు.

అది కనిపెట్టాడు గంగాధరం. రేవు తన బావమరిదికి ఇప్పించాలని ఆయన ఆశ. లంకలో చక్రం తిప్పే మనిషని ఆయనకి పేరు. ఆ మాట నాకు అర్థం కాలేదు. ఆయన చేతిలో అప్పటిదాకా నేను ఏ చక్రమూ చూడలేదు.

"చెయ్యి లేవని మనిషిని నమ్మి పిల్లల్ని ఎలా ఎక్కిత్తామండీ?" అన్నాడు పెద్దలతో. సబబుగానే వినపడింది. అలాంటివాళ్ళ మాటలు ఎప్పుడూ సబబుగానే వినపడతాయి. ఆదివారం పెద్దల్ని ఎక్కించుకుని పాయ దాటి తిరిగి రావాలి, లేదా రేవు వదలాలి. అదీ తీర్పు.

జకరయ్య నన్ను పడవ ముందువైపు చెక్కకి బిగించాడు. నా వెనక డ్రమ్ముకి తీగతాడు చుట్టి, రెండు కొసల్నీ అంచుల వెంట కప్పీల మీదుగా ఇంజను దాకా లాగాడు. ఇక బలం అక్కర్లేదు, ఎడంచేయి చాలు. మసేనమ్మ కుడికి పోదామని నన్ను ఎడమకు తిప్పింది. పడవ ఎడమకే పోయి వలకర్రల్లో దూరింది.

తప్పు ఆమెది కాదు. పిడి పడవలో పిడిని ఎడమకు తోస్తేనే పడవ కుడికి తిరుగుతుంది. ఆమె ఒంటికి తెలిసిన దారి అదే.

"తాళ్ళు తిరగేసి కట్రా జకరయ్యా."

"లోకంలో ఏ బండికైనా చక్రం ఎటు తిప్పితే అటే ఎల్తాదక్కా!"

"లోకం నా పడవెక్కుద్దేటి? ఎక్కేది లంకోళ్ళు. కట్టెహె!"

గొణుక్కుంటూ కట్టాడు.

ఆదివారం పెద్దలు, వాళ్ళతో గంగాధరం ఎక్కారు. మసేనమ్మ అవతలి ఒడ్డుకి చేర్చింది. ఎవరి పంచె అంచూ తడవలేదు. తిరుగుదారిలో గంగాధరం ఉండబట్టలేకపోయాడు.

"ఇందులో గొప్పేవుంది? ట్రాక్టరు తోలినోణ్ణి నేను. లెగు!"

"కూకోండి బాబూ. తిప్పడంలో మీ తర్వాతే కదా ఎవరైనా," అని మసేనమ్మ లేచింది. ఎటు తిప్పితే ఎటు పోతుందో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఎడమన ఇసకమేట కనపడింది. ఆయన నన్ను కుడికి తిప్పాడు. పడవ మేట వైపే పోయింది. కంగారులో ఇంకా కుడికి తిప్పాడు. పడవ ఇంకా శ్రద్ధగా పోయి ఇసకలో కూర్చుంది.

"ఇంకా తిప్పెహె గంగాధరం!" అన్నాడొక ముసలాయన. అంతా పంచెలు ఎగ్గట్టి మోకాల్లోతు నీళ్ళలో దిగి పడవని తోశారు. మసేనమ్మ దిగలేదు. మళ్ళీ నా ముందు కూర్చుని, వాళ్ళని ఒడ్డుకి చేర్చింది.

రేవు ఆమెకే ఉంది. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి నా నలుపు పోయింది. ఆమె పట్టుకునే చోట మాత్రం నున్నగా మెరుస్తాను. ఆ రోజు పెద్దలు న్యాయం చేశారని లంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆ పడవలోనే ఉన్నాను. న్యాయం మాటే రాలేదు. వాళ్ళకి చక్రం తిప్పడం రాలేదు, అంతే.