తోక దిగిన బండి

ట్రాక్ మీద అతన్ని అందరూ తోక అనే పిలిచేవారు. సైడ్‌కార్ పందెంలో, అంటే పక్కన తొట్టి బిగించిన మోటారుసైకిళ్ల పందెంలో, వెనక వేలాడేవాడికి అంతకన్నా గౌరవమైన పేరు ఎవడు పెడతాడు? నడిపేవాడు మోకాళ్ల మీద వంగి హ్యాండిల్ పట్టుకుంటాడు, ఫొటోల్లో పడతాడు, గెలిస్తే కప్పు ఎత్తుతాడు. తోకకు హ్యాండిలూ లేదు, బ్రేకూ లేదు. పట్టుకోవడానికి రెండు ఇనప కడ్డీలు, అటూ ఇటూ విసరడానికి సొంత ఒళ్లు, అంతే అతని ఆస్తి. ఎడమ మలుపొస్తే బండికి ఎడమ పక్కనున్న తొట్టిలోంచి బయటికి వేలాడాలి. కుడి మలుపొస్తే గబగబా పాకి నడిపేవాడి వెనక నుంచి కుడికి ఒరగాలి. క్షణం ఆలస్యమైతే బండి పల్టీ.

"అంత దూరం పోయి పడ్డం దేనికిరా, ఇంట్లో మంచం మీంచి పడు, చవకలో పోతుంది" అని అక్క ఎగతాళి చేసేది.

నడిపేది అక్క మొగుడు, బావ. మీసం మొలవని రోజుల నుంచీ తోకను తన షెడ్డులో పెట్టుకుని, నట్టు బిగించడం దగ్గర్నుంచి ఒళ్లు విసరడం దాకా నేర్పినవాడు. బావ బండి మీద ఉంటే తోక కళ్లు మూసుకునైనా వేలాడతాడు. ఆ మాట సరదాగా అనేవాడే గానీ, అది బావ విషయంలోనే నిజమవుతుందని పాపం ఎప్పుడనుకున్నాడు!

ఇక బీమా సంగతి. పోయినేడు బావ పడి, కంటికి కట్టుతో ఆసుపత్రిలో మూలుగుతూ ఉంటే ఖర్చంతా బీమావాళ్లే భరించారు. లేకపోతే షెడ్డు అమ్ముకుని రోడ్డున పడేవాళ్లు. అప్పట్నుంచి అక్కకు బీమా అంటే గురి. ఆవిడ పందెం చూడదు. వ్యాన్‌లో అద్దాలు ఎక్కించుకుని, చిరిగిన తోలు సూట్లు కుడుతూ కూచుంటుంది. వీళ్లు బయల్దేరే ముందు మాత్రం ఒకటే ప్రశ్న.

"సంతకాలయ్యాయా?"

"అయ్యాయక్కా."

అప్పుడు గానీ అద్దం పైకెక్కదు.

ఆ సంతకాలకో పద్ధతి ఉంది. ఒకే బండి మీద రెండు ప్రాణాలు కాబట్టి, ఎవడి ఒంటి గురించి వాడు చెబితే చాలదు. పందెం పొద్దున బీమా డాక్టరు ముందు నిలబడి, రెండోవాడి గురించి వీడు, వీడి గురించి వాడు, "నాకు తెలిసి ఇతనికి ఏ లోపమూ లేదు" అని సంతకం పెట్టాలి. తెలిసీ దాచారని తేలిందా, ఇద్దరి బీమా గాలికి పోయినట్టే. ఈ నిబంధన రాసిన మహానుభావుడెవరో గానీ, తప్పకుండా పెళ్లయినవాడై ఉంటాడు.

ఇన్నాళ్లూ తోక ఆ సంతకం నిశ్చింతగా గిలికేవాడు. నిన్న ప్రాక్టీసులో ఆ నిశ్చింత కాస్తా పోయింది.

ఏం జరిగిందంటే, పొడుగాటి ఎడమ మలుపు దగ్గర తోక గ్లౌజు కడ్డీకి చిక్కుకుంది. వేలాడ్డం ఆలస్యమైంది. తోక ఆలస్యమైతే నడిపేవాడు తిట్టుకుంటూనైనా తిప్పుతాడు. మలుపు కళ్లెదుట కనిపిస్తుంటే తిప్పక చస్తాడా? బావ తిప్పలేదు. బండి నేరుగా గడ్డి వైపు పోతూనే ఉంది. తోక చెయ్యి విడిపించుకుని ఒళ్లు బయటికి విసిరాడో లేదో, అప్పుడు తిప్పాడు.

తోకకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాతి చుట్టులో అదే మలుపుకు కావాలనే ముందుగా వేలాడాడు. బండి కూడా ముందుగానే తిరిగి, లోపలి అంచు రాయిని ఒరుసుకుంటూ పోయింది.

అంటే బావ మలుపును చూడ్డం లేదు. తోక బరువు ఎప్పుడు కదిలితే అప్పుడు తిప్పుతున్నాడు. పోయినేడు కట్టు విప్పిన రోజున, "కన్ను భేషుగ్గా ఉంది" అన్నాడే, ఆ ఎడమ కన్ను పోయింది. ఏడాదిగా ఎడమ మలుపులన్నిటికీ తన వీపే బావ కన్ను.

షెడ్డుకొచ్చాక బావ నవ్వుతూ, "ఏరా, ఇవాళ గుడ్డెద్దు చేలో పడ్డట్టు గెంతావేం?" అన్నాడు. ఎవరు గుడ్డెద్దో చెప్పాలని తోకకు నాలుక దాకా వచ్చింది. నవ్వి ఊరుకున్నాడు.

ఆ క్షణం నుంచీ అతని పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకే. డాక్టరుకు చెబితే బావ బతుకులో పందెం అన్నది మిగలదు. నయమైందని చెప్పి ఏడాది పాటు మోసం చేశాడని పాత లెక్కలన్నీ తవ్వుతారు, షెడ్డు మీదికొస్తారు. చెప్పకపోతే? రేపు ఇద్దరూ పడితే అక్కకు మిగిలేది కుట్టిన రెండు తోలు సూట్లు. ఆవిడ నమ్ముకున్న బీమా, తెలిసీ పెట్టిన ఒక్క సంతకంతో చెల్లని కాగితమవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

తెల్లారేసరికి తోకకో ఉపాయం తోచింది. పాపం, ఎంత తెలివైనదనుకున్నాడో! అతని కుడిచేతి చివరి రెండు వేళ్లు కొంతకాలంగా మొద్దుబారుతున్నాయి. అది తనే బయటపెడితే? తనను ఆపేస్తారు. తోక లేకుండా సైడ్‌కార్ కదలదు. బావ పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది, ఎవరి మీదా చాడీ చెప్పినట్టూ ఉండదు.

డాక్టరు గది అంటే టికెట్ల కిటికీ వెనక ఇరుకు కొట్టు. ఓ బల్ల, ఓ స్టూలు, చప్పుడు చేసే ఫ్యాను. డాక్టరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముందు బావనడిగాడు.

"మీవాడికి ఏమన్నా ఉందా?"

"వాడికేమండీ, దున్నపోతులా ఉన్నాడు" అని బావ సంతకం పెట్టాడు.

"మీ బావకి?"

తోక బావ ముఖం చూశాడు. బావ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఏమీ లేదండి" అన్నాడు తోక. సంతకం పెట్టాడు. పెట్టి, చెయ్యి చాపాడు. "కానీ నాకే ఉందండి. ఈ రెండు వేళ్లూ తెలీడం లేదు."

డాక్టరు సూదితో గుచ్చాడు. తోక చలించలేదు. ఇంకాస్త గట్టిగా గుచ్చి, "ఈ చేత్తో వేలాడుతున్నావా? నీకేమన్నా మతి ఉందా?" అని కసిరి, పేరు కొట్టేశాడు. బావ వైపు తిరిగి, "నీకు తెలీదా?" అన్నాడు.

"తెలీదండి" అన్నాడు బావ.

బయటికొచ్చాక, టైర్ల గుట్ట పక్కన బావ ఆగాడు.

"నీ వేళ్ల సంగతి నాకెప్పుడో తెలుసురా. కడ్డీ పట్టు జారుతోందని బండికే తెలిసిపోతుంది. అందుకేగా కుడి మలుపుల్లో మెల్లిగా పోతున్నాను."

"నీ కన్ను సంగతి నాకూ తెలుసు బావా. నిన్ననే తెలిసింది" అన్నాడు తోక.

బావ టైర్ల గుట్టకు చెయ్యి ఆనించాడు. "తెలిసి ఎందుకు దిగావురా?" అన్నాడు. "నువ్వున్నంతసేపూ నాకు రెండు కళ్లూ ఉన్నట్టే."

"ఇద్దరం దిగుదామనే దిగాను. తోక లేకపోతే బండి ఎలా పోతుంది?"

"బల్లి తోక తెగితే బల్లి ఆగుతుందా?" అన్నాడు బావ. కోపంగా అనలేదు, అదే తోకను మరీ భయపెట్టింది. "వేరేవాణ్ణి ఎక్కించుకోవచ్చని నిబంధన ఉంది. అదిగో."

అటు నుంచి పోస్ట్‌మన్ ఈలేసుకుంటూ వస్తున్నాడు. వారమంతా ఉత్తరాలు పంచి, సెలవురోజున పందేల్లో వేలాడే సరదా మనిషి. అతని జట్టు ఇంజిను పొద్దున్నే పొగై పోయింది. తోకను ఆపేశారన్న కబురు అప్పుడే చేరింది.

"ఖాళీ ఉందట కదా! నేను రెడీ" అన్నాడు. "ఈయన వెనక వేలాడ్డమంటే రాసిపెట్టుండాలి!"

"వద్దు బావా" అన్నాడు తోక, పోస్ట్‌మన్‌కు వినపడకుండా బావను పక్కకు జరిపి.

"నువ్వు దిగిపోయి నేనూ దిగితే, ఏం జరిగిందని అడుగుతారు" అన్నాడు బావ అంతే మెల్లిగా. "అడిగితే అంతా బయటపడుతుంది. మీ అక్క నెత్తిన రాయి పడుతుంది. ఒక్క పందెం. ఇంజిను చప్పుడు బట్టి తిప్పుకుంటాను."

తోక పోస్ట్‌మన్ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "నా మాట విను. ఎక్కకు."

"ఎందుకు?"

ఎందుకో ఎలా చెబుతాడు? ఇందాకే కదా, ఏ లోపమూ లేదని తన చేత్తోనే రాసిచ్చాడు! "ఊరికే. ఎక్కకు" అన్నాడు.

పోస్ట్‌మన్ పగలబడి నవ్వాడు. "నీ సీటెక్కడికీ పోదులేవయ్యా! దిష్టి పెట్టకు." అతను లోపలికెళ్లి, బావ గురించి "రాయిలాంటి మనిషి" అని సంతకం పెట్టొచ్చేశాడు.

సాయం చేద్దామని తవ్విన గోతిలోకి మూడోవాణ్ణి తోసినట్టయింది తోకకు. తను ఎక్కి ఉంటే ప్రమాదం తెలిసినవాడు ఒక్కడైనా వెనక ఉండేవాడు. ఇప్పుడు ఎక్కినవాడికి తన వీపే కన్నని కూడా తెలీదు. మలుపు చూసి బావ తిప్పుతాడని వాడు, వాడు వేలాడితే తిప్పుదామని ఈయన. గడ్డి దాటితే సిమెంటు గోడ.

కాళ్లు వ్యాన్ వైపు నడిచాయి.

అక్క అద్దం దించింది. వేలికి కుట్టుతొడుగు, ఒళ్లో తోకదే సూటు.

"సంతకాలయ్యాయా?" అంది అలవాటుగా. అంతలో, "అదేంట్రా, నువ్విక్కడున్నావేం?"

"అయ్యాయక్కా. నేను పెట్టింది అబద్ధం."

చెప్పేశాడు. గ్లౌజు దగ్గర్నుంచి పోస్ట్‌మన్ దాకా, అన్నీ. చెబుతూ ఏడ్చాడు కూడా, సిగ్గు లేకుండా. అక్క సూదిని సూటుకు గుచ్చి, తలుపు తీసి దిగింది. పందెం గీత వైపు ఆవిడ నడవడం అదే మొదటిసారి. తోక వెనకాలే వెళ్లాడు.

బళ్లన్నీ గీత మీద బారుగా నిలబడి ఉన్నాయి. ఇంజన్లు ఇంకా వెయ్యలేదు. బావ మోకాళ్ల మీద వంగి, హెల్మెట్ ముందు పెట్టుకుని దాని అద్దం తుడుస్తున్నాడు. పోస్ట్‌మన్ తొట్టిలో వేళ్లు విరుచుకుంటున్నాడు. డాక్టరు చివరిసారి చూసుకుంటూ ఒక్కో బండీ దాటుతున్నాడు.

అక్క ఎడమ పక్క నుంచి వెళ్లి, బావ భుజానికి బారెడు దూరంలో నిలబడింది. పోస్ట్‌మన్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. ఆ చేతినే బావ చెంప పక్కకు తెచ్చింది. బారెడు కాస్తా మూరెడైంది, మూరెడు కాస్తా జానెడైంది. బావ అద్దం తుడుస్తూనే ఉన్నాడు. డాక్టరు ఆగిపోయాడు.

"ఇదుగో పోస్ట్‌మన్" అన్నాడు బావ, తల ఎత్తకుండా. "మా ఆవిడ వ్యాన్ అద్దం ఎక్కించుకుందో లేదో ఓసారి చూడవయ్యా. భయపడుతుంటుంది."

పోస్ట్‌మన్ నెమ్మదిగా కడ్డీలు వదిలేసి, తొట్టి దిగి నిలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నాను" అంది అక్క.

బావ మెడ మొత్తం తిప్పాడు. ముక్కు దగ్గరే కుట్టుతొడుగు వేలు. అప్పుడు చూశాడు దాన్ని.

"ఎప్పుడొచ్చావ్?"

"దిగు" అంది అక్క. "ఆ సంతకాలు కొట్టెయ్యండి డాక్టరు గారూ. మేమెక్కడికీ పారిపోం."

డాక్టరు తోక వైపు చూశాడు. తిడతాడనుకున్నాడు తోక. తిట్టలేదు. "బీమావాళ్లు వచ్చి మాట్లాడేదాకా వ్యాన్‌లో కూచోండి. పోయినేటి సంగతి కూడా అడుగుతారు" అని మాత్రం అన్నాడు.

ముగ్గురూ వ్యాన్‌లో కూచున్నారు. వెనక సీటు ఇరుకు. బావ, తోక భుజం భుజం ఆనించి కూచున్నారు, ముందు అక్క. అద్దాలు ఎక్కించి ఉన్నాయి, లోపల ఉక్క, తోలు వాసన. షెడ్డు ఉంటుందో పోతుందో తెలీదు. పోస్ట్‌మన్ మాత్రం అటు కంచె దగ్గర ప్రాణాలతో నిలబడి ఉన్నాడు. అక్క సూటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది గానీ కుట్టడం లేదు.

బయట పందెం మొదలైంది. ఇంజన్లు గోలగా దగ్గరికొచ్చి, పొడుగాటి ఎడమ మలుపు వైపు వెళ్లాయి. చప్పుడు సరిగ్గా ఆ చోటికి చేరేసరికి, తెలీకుండానే తోక ఒళ్లు ఎడమకు ఒరిగింది.

అతను ఒరిగాక, బావ ఒరిగాడు.

వెనక సీటు కనిపించే చిన్న అద్దంలో అక్క అది చూసింది. తర్వాతి చుట్టు కూడా అలాగే జరిగింది. ఆవిడ ఆ అద్దాన్ని పక్కకు తిప్పేసి, సూది కోసం వెతుక్కుంది.