మిల్లు కాలువ మీద వజూ

తొర్రూరు అవతలి బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్లను శుభ్రం చేసే పని ఇంతియాజ్‌ది. ఆ నీళ్లంటే మాటలా! నాలుగు రోజులు నిలవుంటే పక్క ఊరికి కూడా తిండి సయించదు. వాటిని తొట్లలో తేర్చి, మోటారుతో గాలి కొట్టి, ఇసుకలో వడగట్టి వదిలితే, కాలువ వెంట దిగువ తండాలోని గోరీ వరి మడికి పారతాయి. బోరు ఎండిపోయిన గోరీకి ఈ యాసంగిలో ఆ నీళ్లే దిక్కు.

మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. మిల్లు సార్లు పరీక్ష కాగితాలు తెచ్చి చూపించినా వాటి మొహం చూడలేదు. ఒక సాయంత్రం అసర్ నమాజు వేళకు ఇంతియాజ్ అదే కాలువలో వజూ చేసుకున్నాడు. చేతులు కడిగి, నోరు పుక్కిలించి, ముక్కులోకి నీళ్లు ఎక్కించుకోవడం గోరీ కళ్లారా చూసింది.

"దేవుని కాడికి పోయేటోడు కంపు నీళ్లు ముక్కుల పోసుకోడు" అని ఒడ్డుకు గండి కొట్టింది.

అప్పటి నుంచి అతని వజూ అయ్యాకే ఆమె పార లేస్తుంది. తన నమాజు మీద ఇంకొకరి పంట బరువు పడుతుందని పాపం అతను కలలో కూడా అనుకోలేదు.

నిన్న గాలి మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి వరంగల్ పంపారు, ఎప్పుడొస్తుందో తెలియదు. మిల్లు మాత్రం ఆగదు కదా, తొట్లు నిండి పొర్లుతున్నాయి.

"కాలువకు వదిలెయ్" అన్నాడు మిల్లు సేటు. "రోజు లెక్కనే పోయి వజూ చేస్కో. నిన్ను చూసి ఆమెనే తెరుస్తది."

ఇన్నేళ్ల నౌకరీలో ఇంతియాజ్ చాలా మాటలు మింగాడు. ఇదీ మింగి, తొట్ల నీళ్లు కాలువకు వదిలి, కాళ్లీడ్చుకుంటూ గోరీ మడి దాకా నడిచాడు.

గోరీ అప్పటికే పార పట్టుకుని నిలబడి ఉంది. వరి పొట్ట మీదుంది, మడి నెర్రెలిచ్చింది.

"జల్ది కడుక్కో భాయ్. ఇయ్యాల తడువకుంటే ఇగ పోయినట్టే."

ఇంతియాజ్ కూర్చుని దోసెడు నీళ్లు తీసుకున్నాడు. ముక్కు దాకా తెచ్చేసరికి పుల్లటి కంపు గుప్పుమంది. ఆమెకూ అది తగిలే ఉంటుంది. అయినా ఆమె అతని చేతుల వంకే చూస్తోంది, ఎలాగైనా కానిమ్మన్నట్టు. ఒక్కసారి కళ్లు మూసుకుంటే నౌకరీ నిలుస్తుంది. అతను దోసిలి వదిలేశాడు.

"మోటరు కాలింది అక్కా. గివి గాలి కొట్టని నీళ్లు. వేర్లు కుళ్లుతయి. తెరువకు."

"తెరువకుంటే ఎండుతది గదా?"

"ఎండుతది."

ఇంతియాజ్ సిగ్గుతో తల దించుకున్నాడు. జేబులో ఫోను మోగింది.

"ఆమె తెరుస్తలేదు సేట్. నేనే వద్దన్న" అని పెట్టేశాడు. రేపటి నుంచి రావద్దంటారని తెలుసు. కోపం రాలేదు, భయమూ వేయలేదు. ఎక్కడైనా కాసేపు పడుకుంటే చాలనిపించింది.

గోరీ పార పడేసి ఒడ్డు మీద కూలబడింది. పొద్దు వంక చూసి, అడుగున కాసిని నీళ్లున్న సీసా అతని వైపు జరిపింది.

"నీ నమాజు యాళ్ల దాటిపోతది భాయ్. కడుక్కో."

"అవి నువ్వు తాగేటియి. నీళ్లు లేనప్పుడు మాకు వజూకు మట్టైనా చెల్లుతది అక్కా. నీ మడిల జర ముట్టుకోనా?"

"ముట్టుకో" అంది గోరీ. "ఇగ దాంట్ల మిగిలింది గదే."

ఇంతియాజ్ రెండు అరచేతులూ మడిలో ఆనించాడు. మట్టి ఇంకా వేడిగానే ఉంది.