సగం తెరుచుకున్న ఫోటో

దర్జీ పని చేసుకునే ఆవిడ తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లి పద్నాలుగు నెలలయింది. మతి స్థిమితం లేని మనిషి; అడిగినా పేరు చెప్పడు. అతని ఫోటోలతో ఆవిడ ఒక వెబ్‌సైట్ పెట్టింది. సైటుకి ఉచితంగా చోటిచ్చిన కంపెనీ ఆ ముఖం పక్కనే చెప్పుల ప్రకటనలు వేసేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. సైటును ఇంట్లోనే, కుట్టుమిషను పక్కనున్న కంప్యూటర్ నుంచి నడుపుతానని పట్టుబట్టింది.

అందుకు పనికొచ్చే ఇంటర్నెట్ కనెక్షన్లు రెండే దొరికాయి. కేబుల్ వాళ్లు మర్నాడే బిగిస్తామన్నారు. ఫైబర్ వాళ్లు వీధి తవ్వాలి, మూడు వారాలు పడుతుందన్నారు.

భర్త ఎలక్ట్రీషియన్. రెండు కంపెనీల కాగితాలూ ముందేసుకుని చదివాడు.

"కేబుల్‌లో మనం చూసుకోవడానికి వేగం బానే ఉంది. మన దగ్గర్నుంచి బయటికి పంపే వేగమే అంతంతమాత్రం. సైటంటే పంపడమే కదా. పదిమంది ఒకేసారి తెరిస్తే చతికిలబడుతుంది. ఫైబర్‌కి రెండువైపులా ఒకటే వేగం. ఆగుదాం."

"వాడు ఇవాళ తిన్నాడో లేదో తెలీదు. నన్ను ఆగమనకండి."

అతను ఫైబర్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. కేబుల్ వచ్చింది.

పదో రోజున పత్రికలో తమ్ముడి గురించి చిన్న వార్త, సైటు చిరునామాతో సహా పడింది. జనం ఎగబడి చూశారు. ఎంతమంది వచ్చారో చూసుకుంటూ ఆవిడ కుట్టుపని కూడా మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. పక్క ఊరి బస్టాండులో టికెట్లిచ్చే గుమస్తా.

"అమ్మా, నిన్న మధ్యాహ్నం ఇక్కడ ఒకతను కూర్చున్నాడు. పేపర్లో ఫోటో మసగ్గా ఉంది, సరిచూద్దామని మీ సైటు తెరిచాను. ఫోటో నుదురు వరకూ వచ్చి ఆగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కాను. ఈలోగా అతను లేచి బస్సెక్కేసినట్టున్నాడు. సైటు ఇప్పుడే తెరుచుకుంది, నంబరు దొరికింది."

"ఏ బస్సండీ?"

"చూళ్లేదమ్మా. ముందు పెద్ద వరుస ఉంది."

మొగుడూ పెళ్లాలు పరుగున వెళ్లారు. గుమస్తా ఫోటోను చాలాసేపు చూశాడు. "కళ్లు ఇవే అనుకుంటా. గడ్డం పెరిగింది. ఒట్టేసి చెప్పలేను." ఆ వేళలో నాలుగు ఊళ్లకు బస్సులు వెళ్లాయని మాత్రం తేలింది. డ్రైవర్లెవరికీ గుర్తులేదు.

తిరుగు బస్సులో ఆవిడ అంది, "మీరు చెప్పారు. నేనే వినలేదు."

"నేనూ గట్టిగా చెప్పలేదు. ఏడుస్తావని ఊరుకున్నాను."

ఇల్లు చేరగానే ఫైబర్‌కి చెప్పారు; అది వచ్చినప్పుడు గోడ వెంట తీగ భర్తే లాగాడు. ఫోటోలు రెప్పపాటులో తెరుచుకుంటున్నాయి. పదకొండు ఫోన్లు వచ్చాయి. వాళ్లు చూసిన మనుషులెవరూ తమ్ముడు కాదు.

ఆ రోజు బస్సులు వెళ్లిన నాలుగు ఊళ్లలో మూడు ఆవిడ వెతికి వచ్చింది. నాలుగో ఊరికి బయల్దేరుతుంటే భర్త చొక్కా మార్చుకుని వచ్చాడు.

"మీరూ వస్తే సైటు ఎవరు చూస్తారు?"

"దాని పని అది చూసుకుంటుంది. పద."