మణికట్టు మీద రెండు వేళ్లు

నేను ఒక డాప్లర్‌ను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అంకె చూపిస్తాను. నాకు కళ్లు లేవు, ఉన్నది చెవి ఒక్కటే. ఫ్యాక్టరీలో నీళ్ల తొట్టిలో గుండెలా ఆడే రబ్బరు ముక్క మీద పరీక్షించి పాసు చేశారు. పుట్టి విన్న తొలి గుండె అదే. తర్వాత సాలూరు అవతల, కొండ కింద ఉన్న చిన్న ఆసుపత్రికి పంపారు.

అక్కడి పెద్ద నర్సు కృపావతికి ఒక అలవాటు. ఒక చేత్తో నన్ను పొట్ట మీద పెట్టి, రెండో చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి పట్టుకునేది. నేనుండగా ఇంకా నాడి చూడటం ఏమిటని నాకు ఒళ్లు మండేది. ఈ మనుషులు గోడ గడియారాన్ని గుడ్డిగా నమ్ముతారు, నా దగ్గరికొచ్చేసరికి అనుమానం.

ఒకరోజు గౌరీశ్వరి వచ్చింది. తొమ్మిదో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. పొద్దుటి నుంచి కదలిక లేదని కొండ దిగి పరుగున వచ్చింది. కొత్తగా చేరిన నర్సు నన్ను పొట్ట మీద పెట్టగానే నూట ఇరవై ఎనిమిది చూపించాను.

"బిడ్డ గుండె సక్కగా కొట్టుకుంతందమ్మా," అంది కొత్త నర్సు.

గౌరి ఏడ్చేసింది. "ఇంకోపాలి ఇనిపించండమ్మా."

నేను గర్వంగా మళ్లీ వినిపించాను. అంతలో కృపావతి వచ్చి గౌరి మణికట్టు పట్టుకుంది. ఆ నాడీ, నా చప్పుడూ ఒక్క దెబ్బ తేడా లేకుండా కలిసి నడుస్తున్నాయి.

"ఇది నీ గుండే గౌరీ. పరుగెట్టి వచ్చేవు గదా, బయం కూడాను. బిడ్డది ఇంకా దొరకలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. తల్లికి తన గుండెనే వినిపించి, బిడ్డదని నమ్మించాను.

"నాది నాకెందుకమ్మా," అంది గౌరి. "దానిది ఇనిపించండి."

కృపావతి మళ్లీ జెల్లు రాసి, నన్ను మెల్లమెల్లగా జరిపింది. అంత ఆశగా నేనెప్పుడూ చెవి ఒగ్గలేదు. చివరికి ఎడమవైపు, బాగా కింద దొరికింది. తొంభై ఆరు. బిడ్డకు అది చాలా తక్కువ. ప్రాణం ఉంది, కానీ అలసిపోతోంది. గౌరిని వెంటనే అంబులెన్సులో విజయనగరం పంపించారు. నన్ను తుడిచి బీరువాలో పెట్టారు.

ఆ తర్వాత ఎన్ని గుండెలు విన్నానో. ప్రతిదానిలోనూ ఆ నెమ్మది చప్పుడే వెతుక్కున్నాను. అది నిలబడిందో లేదో నాకెవరూ చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక, టీకాలు వేసే రోజున బీరువా తలుపు అవతల గౌరి గొంతు వినిపించింది.

"మా పిల్లండీ సిస్టరమ్మా."

అందరూ మూగారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ గొంతు నేనెరగను, నాకు తెలిసింది దాని గుండె ఒక్కటే. ఎవరైనా నన్ను ఒక్క నిమిషం ఆ గుండె మీద ఆనిస్తే చాలని ఎంత కోరుకున్నానో.

కృపావతి బీరువా తెరిచింది. నా పక్కనున్న టీకా కార్డు తీసుకుని, తలుపు మూసేసింది.