కుళ్లాయప్ప పానాల సంచి

బెళుగుప్పలో ఆయిలింజన్ల మేస్త్రి అంటే కుళ్లాయప్పే. అదంతా ఒకప్పటి మాట. బావులు ఎండిపోయి, బోర్లకు కరెంటు మోటార్లు వచ్చాక ఆయన్ని పిలిచే నాథుడే లేడు. మిగిలింది ఒక గోనెసంచి, అందులో ఇరవై రెండు పానాలు. అన్నీ తెల్లదొరల కాలపు అంగుళాల కొలతలు, ఇప్పటి నట్లకు ఒక్కటీ పట్టదు. అయినా వారానికోసారి వాటిని నూనెగుడ్డతో తుడుస్తాడు. అది చూస్తే భార్య తిమ్మమ్మకు ఒళ్లు మంట.

“ఈ సేవ నాకు చేసింటే పున్నెమన్నా వచ్చేది. బేస్తవారం పాత సామాన్లోడు వస్తాడు, వీట్ని వానికి ఏసేస్తా. కూరలోకి నాలుగు ఎర్రగడ్డలన్నా ఇస్తాడు.”

కుళ్లాయప్ప సంచి మూతి కట్టి మూలన పెట్టాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? పనికిరాని పానాలు, పనికిరాని మేస్త్రి. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

మర్నాడు, శనివారం, టీకని బస్టాండుకు పోయాడు. పక్కనే ఇమాం హుస్సేన్ మోటార్‌సైకిళ్ల షెడ్డు. అందులో యాభై నాలుగు నాటి ఇంగ్లండు బి.ఎస్.ఏ. బండి విప్పి ఉంది. హెడ్మాస్టరు దివాకర్ గారి తాతది. ముప్పై ఏళ్లు గడ్డివామి పక్కన తుప్పుపట్టిన దాన్ని హుస్సేన్ మూడు నెలలు గీకి, రుద్ది, ట్యాంకుకు నిగనిగలాడే రంగేశాడు. తీరా ఇంజను దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు.

“ఏం నట్లన్నా ఇవి! పదమూడు పానా ఎక్కదు, పద్నాలుగు జారతాది. ఇంగోసారి తిప్పితే మూలలే ఉండవు. సారుకు వాపసు ఇచ్చేస్తా.”

కుళ్లాయప్ప వంగి నట్టును బొటనవేలితో తడిమాడు. అంగుళాల కొలతే! ఇంటికి పోయి, ఎవరితోనూ ఒక్క మాటనకుండా సంచి భుజాన వేసుకొచ్చాడు. పావంగుళం బోల్టు నట్లకు వాడే పానా తీసి పెట్టాడు. పట్టింది! ఒక్క గుంజు గుంజితే నట్టు కీచుమని తిరిగింది.

“యా అల్లా! యాడిదన్నా ఈ పానా?”

“ఆయిలింజనుది. ఇదీ అదీ దొరల కొలతలే లేప్పా. జరుగు, నేను చూస్తా.”

ఇక హుస్సేన్ అందించడం, కుళ్లాయప్ప విప్పడం. పట్టేసిన పిస్టన్ను డీజిల్లో నానబెట్టి విడిపించారు, రింగులు మార్చారు, వాల్వులు అరగదీశారు. పాత సామాన్లోడికి దొరక్కుండా సంచిని ఎక్కడో దాచాడని తిమ్మమ్మ రోజూ సాధిస్తూనే ఉంది.

బేస్తవారం పొద్దున మూడో కిక్కుకు బండి అందుకుంది. డుగ్... డుగ్... డుగ్. ఇప్పటి బండ్ల గోల కాదు, నిదానంగా, బరువుగా. కుళ్లాయప్పకు కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్లు బావుల గట్ల మీద విన్న చప్పుడది.

పరీక్షకని హుస్సేన్ బండిని ఊరి చుట్టూ నడిపాడు. కుళ్లాయప్ప సంచి ఒళ్లో పెట్టుకుని పెళ్లికొడుకులా వెనక కూర్చున్నాడు. ఊరి బయట ఆ చప్పుడు విని చేలోంచి ముసలి ఎర్రప్ప పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు.

“కుళ్లాయప్పా! ఎవురి బాయిలో ఇంజనేసినావు? నీళ్లు పడినాయా?”

“నీళ్లు యాడివి ఎర్రప్పా! ఇంజను మాత్రం నేనేసిందే!” ఆ మాట పక్క చేలకూ వినిపించేంత గట్టిగా అన్నాడు.

ఇంటి ముందు బండి ఆగేసరికి ఎర్రగడ్డల గంపతో పాత సామాన్లోడు నిలబడి ఉన్నాడు. తిమ్మమ్మ బండిని చూసింది, నూనె మరకల్లో మెరుస్తున్న మొగుడి మొహం చూసింది. వచ్చి ఆయన ఒళ్లోంచి సంచి తీసుకుంది. కుళ్లాయప్ప గబుక్కున బండి దిగాడు.

“పాత ఇనుముండాదన్నావు కదక్కా?” అన్నాడు వాడు.

తిమ్మమ్మ సంచిని చంకనెత్తుకుంది.

“మా ఇంట్లో పాత ఇనుమా? యాడుండాదప్పా? పో, పో.”