చూసుకునేవాళ్ళ సంతకం

"పప్పు పొయ్యి మీద పడేసి ఒక్క గంట కూర్చుంటే అయిపోయే పని. నీకెలాగూ పగలంతా ఖాళీయే కదా," అన్నాడు గిరీష్, షూ లేసులు కట్టుకుంటూ.

మేముండేది ఐర్లండ్‌లో, డ్రోహెడా ఊళ్ళో. అతని ఆఫీసు డబ్లిన్‌కి అవతల లెపర్డ్స్‌టౌన్‌లో. ఏడు కాకముందే బయలుదేరాలి. ఆ రోజు వెళ్తూ వెళ్తూ నాకు అప్పజెప్పిన పని, సెనెట్ ఎన్నికలో నిలబడ్డ ఇద్దరు అభ్యర్థులు ఏ విషయం మీద ఏమంటున్నారో పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చెయ్యడం. మా తెలుగు సంఘం ప్రెసిడెంటు జయకుమార్‌గారు ఆదివారం మీటింగు పెట్టారు. అందులో ఆ పట్టికను గిరీష్ చూపిస్తాడట. గిరీష్ చూపించాలి కాబట్టి నేను తయారు చెయ్యాలి.

ఇంతా చేసి ఆ ఎన్నికలో అతనికి ఓటు లేదు. ఈ దేశపు సెనెట్‌లో కొన్ని సీట్లకు, ఇక్కడి యూనివర్సిటీల్లో డిగ్రీ చేసి ఇక్కడి పౌరసత్వం ఉన్నవాళ్ళే ఓటేస్తారు, అదీ పోస్టులో, ఒక సాక్షి సంతకంతో. గిరీష్ బీటెక్ గుంటూరులో. నేను పెళ్ళికి ముందే డబ్లిన్ వచ్చి ఎమ్మెస్సీ చేశాను, పౌరసత్వమూ ఉంది, కాబట్టి ఇంట్లో ఓటు నాకొక్కదానికే. ఆ తర్వాత డండాక్ దగ్గర గుండె స్టెంట్లు తయారుచేసే ప్లాంట్‌లో నాలుగేళ్ళు క్వాలిటీ ఇంజనీరుగా పనిచేశాను. మా అమ్మాయి హాసిని పుట్టినప్పుడు ఏ క్రెష్‌లోనూ చోటు దొరకలేదు. "ఒక్క ఏడాది ఆగు, తర్వాత చూద్దాం," అన్నాడు గిరీష్. హాసినికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు.

ఆ గంట పనికి నాకు రెండు పగళ్ళు పట్టింది. హాసినిని స్కూల్లో దింపి వచ్చి లాప్‌టాప్ తెరిచేసరికి మా అత్తగారు మంగాదేవిగారికి రెండో టీ వేళ. ఆవిడ మూడు నెలల వీసా మీద వచ్చి అప్పటికి ఏడు వారాలయింది. చలికి మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేకపోతున్నారు. వేడినీళ్ళ సంచి, కాపడం, తలదువ్వడం, మెత్తటి అన్నం. "మా వాడికి బెండకాయ జిగురు లేకుండా ఉండాలి," అని వంటింటి గుమ్మంలోంచి ఒక మాట. మధ్యమధ్య నేను అభ్యర్థుల కరపత్రాలు చదివాను, ఇంటర్వ్యూలు విన్నాను, అర్థంకానిచోట వాళ్ళ ఆఫీసులకి మెయిల్ పెట్టి అడిగాను. ఎన్నాళ్ళకో నా బుర్ర నాకు పని చేసిపెట్టింది. ఆ సంతోషం కూడా ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

బ్యాలెట్ మీద పేర్లు చాలానే ఉన్నా, మావాళ్ళ నోళ్ళలో నానుతున్నవి రెండే. ఒకరు కోల్మ్ డెవేన్. వలస వచ్చినవాళ్ళ తల్లిదండ్రులకు ఐదేళ్ళ వీసా ఇప్పిస్తానంటున్నాడు. అమ్మమ్మలూ నానమ్మలూ ఇంట్లో ఉంటే క్రెష్‌ల కొరత కూడా కొంత తీరుతుందట. ఇంకొకరు నోరా ముల్రేన్. ప్రభుత్వమే క్రెష్‌లు నడపాలంటుంది. పెద్దవాళ్ళ వీసాకి ఆమె వ్యతిరేకం కాదు, కానీ ఒక షరతు పెట్టింది. దరఖాస్తు మీద పిలిపించుకునే మనిషి సంతకంతోపాటు, ఆ పెద్దవాళ్ళను రోజూ చూసుకోబోయే మనిషి సంతకం కూడా ఉండాలి. ఆ మనిషి ఉద్యోగం మానుకోవలసివస్తే, ఇంట్లో ఇంకొకరి జీతంతో నిమిత్తం లేకుండా ఆమె పేరునే భృతి ఇవ్వాలి. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఎవరో మా వంటింటి కిటికీలోంచి లోపలికి చూసి రాసినట్టుంది.

అయినా పక్షపాతం చూపించలేదు. లీజు మధ్యలో అద్దె పెంచకూడదన్న డెవేన్ మాట నోరా మాటకన్నా గట్టిగా ఉంది. అలాగే రాశాను. మొత్తం పది వరుసలు వచ్చాయి.

శుక్రవారం భోజనాల దగ్గర గిరీష్ ఫోన్‌లో చూసి, "గ్రాండ్. ఇంత బాగా చేస్తావనుకోలేదు," అన్నాడు. అంటూనే వేలితో ఏదో చెరిపాడు. "ఈ ఇంట్లో చూసుకోడాల గొడవ తీసేస్తున్నా. మనవాళ్ళకి అనవసరం. ఆ నోరా మన వీసాలకి అడ్డం పడుతోంది."

"అడ్డం పడట్లేదు. చూసుకునేవాళ్ళని ఒక మాట అడగమంటోంది."

"ఇంట్లోవాళ్ళని చూసుకోడానికి అడగడమేంటి ఆమనీ? మా అమ్మ నా ఇంట్లో ఉండటానికి నీ పర్మిషన్ కావాలా?"

మంగాదేవిగారు కంచంలోంచి తలెత్తలేదు. నేను పెరుగు వడ్డించాను.

ఆదివారం మధ్యాహ్నం చర్చి పక్కన హాల్లో మీటింగు. అత్తగారిని కూడా మెల్లగా నడిపించుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాం. టీ బాయిలర్ దగ్గర నేనూ, ఐటీలో పనిచేసే శ్రావ్యా నిలబడ్డాం. హాల్లో నలభై మందిదాకా ఉన్నారు. డెవేన్ స్వయంగా వచ్చాడు. "మన గిరీష్ రెండు రోజులు కష్టపడి ఈ స్టడీ చేశాడు," అని జయకుమార్‌గారు పరిచయం చేశారు. చప్పట్లు. తెర మీద తొమ్మిది వరుసలు.

"అక్కా, నాకు ఫోన్ చేసి ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోడం గురించి అడిగింది నువ్వు కదా?" శ్రావ్య నా చెవిలో అంది. "ఆ వరుసేది మరి?"

చేతిలో కప్పు ఉండగానే గొంతు పెంచి ఇంగ్లీషులో అడిగేశాను. "మిస్టర్ డెవేన్, వచ్చే పెద్దవాళ్ళని ఇంట్లో ఎవరు చూసుకుంటారని మీ ఉద్దేశం?"

ఆయన నాకేసి తిరిగి మంచిగానే నవ్వాడు. "మీ కుటుంబాలు మీవాళ్ళని చూసుకుంటాయి కదా. మీలో మేము మెచ్చుకునేది అదే."

హాలంతా చప్పట్లు కొట్టింది.

"కుటుంబాలు అంటే ఎవరు?" అన్నాను.

"అమ్మా ఆమనీ, టీ చల్లారిపోతోంది తల్లీ," అన్నారు జయకుమార్‌గారు. అందరూ నవ్వారు. అంతమంది నవ్వులోనూ గిరీష్ నవ్వు నాకు విడిగా వినపడింది. పదేళ్ళుగా అలవాటైన నవ్వు. నేను కప్పుల్లో టీ పోశాను.

ఇంటికి రాగానే గిరీష్ వంటింట్లో పైన అల్మరా తెరిచాడు. గురువారం రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నా బ్యాలెట్ కవరు, "ఎక్కడో పెట్టి మర్చిపోతావ్," అంటూ పాస్‌పోర్టులతోపాటు అక్కడ దాచాడు. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు.

"నా పరువు తీశావ్ సరే. డెవేన్ పేరు పక్కన ఒకటో నంబరు వెయ్యి. సాక్షి సంతకం నేను పెడతా. ఫొటో తీసి జయకుమార్‌గారికి పంపాలి, మాటిచ్చాను."

"ఎవరి ఓటుకి మాటిచ్చావ్?"

"మన ఓటుకి."

నేను పెన్ను తీసుకోలేదు. కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మంగాదేవిగారు అప్పుడు నోరు విప్పారు.

"ఒరే గిరీ, నన్ను ఐదేళ్ళు ఇక్కడ ఉంచుతారని అంతమంది చప్పట్లు కొట్టారే, ఉంటావా అని నన్నెవరైనా అడిగారా?"

"నీ మంచికేనమ్మా."

"మీ నాన్నా అట్లాగే అనేవాడు. మీ నానమ్మ మంచాన పడ్డప్పుడు నాకు హెడ్మిస్ట్రెస్ పోస్టు వచ్చింది. అక్కర్లేదని కాయితం వెళ్ళింది. రాసింది మీ నాన్న. సంతకం మాత్రం నాది. నా మంచికేనన్నాడు. తొమ్మిదేళ్ళు ఎత్తిపోశాను."

ఆవిడ నా వైపు తిరిగారు. ఆ చూపులో ప్రేమేమీ లేదు.

"నువ్వు నాకు ఇష్టంగా ఏం చెయ్యట్లేదని తెలుసు. టీ గ్లాసు పెట్టే చప్పుడులోనే తెలుస్తుంది. నేనూ మా అత్తకి అట్లాగే పెట్టేదాన్ని." చెయ్యి చాపారు. "ఆ కాయితం ఇటియ్యి. సాక్షిని నేనవుతాను."

కవర్లోని ప్రకటన కాగితం మీద ఓటరుగా నేను సంతకం చేశాను. కింద ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ముప్ఫయ్యేళ్ళు హాజరుపట్టీలో పెట్టిన గుండ్రటి అక్షరాలతో తెలుగులో తన పేరు రాశారు. గిరీష్ పెన్ను మూత బల్ల మీద విసిరి బయటికి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో లోపల గడియ ఉన్న గది బాత్రూం ఒక్కటే. బ్యాలెట్ తీసుకెళ్ళి టబ్బు అంచున కూర్చుని నోరా ముల్రేన్ పేరు పక్కన ఒకటి వేశాను. డెవేన్ పేరు పక్కన గడి ఖాళీగా వదిలేశాను.

మర్నాడు హాసినిని స్కూలుకి తీసుకెళ్తూ కవరు పోస్టులో వేశాను. "మామ్, వై ఈజ్ డాడ్ సో క్రాస్ విత్ యూ?" అంది. "నేనొక పని సొంతంగా చేశాను," అన్నాను. "జస్ట్ వన్?" అంది.

నోరా ఓడిపోయింది. డెవేన్ గెలిచాడు. తెలుగు సంఘం గ్రూపులో ఆ రోజంతా అభినందనలు. గిరీష్ మిఠాయి పెట్టె తెచ్చాడు. అనుకున్న రోజుకే మంగాదేవిగారు తిరిగి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో నన్ను దగ్గరికి తీసుకోలేదు. కొడుకుని స్వెటర్ వేసుకోమని చెప్పి లోపలికి నడిచారు.

ఆ వారమే నేను డండాక్ ప్లాంట్‌లో నా పాత సహోద్యోగి ఫెబికి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు అక్కడ మేనేజరు. నేను పని నేర్పిన అమ్మాయి. ఇంటర్వ్యూలో ఫెబి పక్కన కూర్చున్న కుర్రాడు నా బయోడేటా చూస్తూ, "ఈ తొమ్మిదేళ్ళు ఏమీ చెయ్యలేదా?" అని అడిగాడు. చేసినవన్నీ చెప్పడం మొదలుపెడితే ఆ రోజు చాలదు. "జీతం లేని ఉద్యోగం చేశాను," అన్నాను. నేను వదిలిన పోస్టుకన్నా రెండు మెట్లు కింద ఇచ్చారు. తీసుకున్నాను.

శనివారం గిరీష్ లాప్‌టాప్ నా ముందు పెట్టాడు. "డెవేన్ గెలిచాడుగా, ఆ వీసా ఎలాగూ వస్తుంది. అమ్మ కాగితాలన్నీ ఇప్పట్నుంచే రెడీ చేసి పెట్టు. అమ్మని నేను ఒప్పిస్తాలే. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావ్."

"ఉండను. ఒకటో తారీఖునుంచి డండాక్‌లో చేరుతున్నా."

"మరి హాసినిని స్కూల్నుంచి ఎవరు తీసుకొస్తారు?"

"మూడు రోజులు ఆఫ్టర్‌స్కూల్‌లో చోటు దొరికింది. మంగళ, గురువారాలు నువ్వు."

"నాకు మీటింగులుంటాయి ఆమనీ."

"ఉంటాయి," అన్నాను. "వాటి సంగతి నువ్వు చూసుకో."